పసివాళ్ళ ఆటే వాళ్ళ మాట!

ఈ వారం వంటింటి ముచ్చట్లు కాస్త పక్కన పెడదాం. శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం నా ముందుంది. అది చదివిన దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు.

"మా బాబుకి ఆరేళ్ళు. నాలుగు నెలల్నుంచి స్కూలంటే ఏడుపు. రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నాడు. చెల్లెల్ని రక్తం వచ్చేలా గిల్లుతున్నాడు. పిల్లల డాక్టరుగారు అన్నీ పరీక్షించి, ఒంట్లో జబ్బేమీ లేదు, ప్లే థెరపీ చేయించండి అన్నారు. ఆటలాడించడానికి కూడా ఫీజు కట్టాలా అని మావారు విసుక్కుంటున్నారు. వీధిలోకి వదిలితే వాడే ఆడుకుంటాడు, దానికి డాక్టరెందుకని మా అత్తగారు నవ్వుతున్నారు. మీరేమంటారు?" అని అడిగారావిడ.

సోదరీ, మీ అత్తగారి మాటలో తప్పులేదు. దాగుడుమూతలైనా, బొమ్మల పెళ్ళిళ్ళైనా, లక్కపిడతల్లో గుజ్జనగూళ్ళైనా పిల్లల మనసుకి మేలు చేసేవే. కాకపోతే వీధిలో ఆట వేరు, డాక్టరుగారు చెప్పిన ఆట వేరు. ఈ తేడా నేను పుస్తకాల్లో కంటే ముందు నా ఇంట్లోనే నేర్చుకున్నాను. అదీ కాస్త ఆలస్యంగా, ఒక చెంపదెబ్బ కొట్టాక.

మా ఇంట్లో జరిగింది

పన్నెండేళ్ళ కిందటి మాట. మేమప్పుడు తునిలో ఉండేవాళ్ళం. మా అత్తగారు పోయేనాటికి మా చిన్నదానికి ఐదేళ్ళు. అది ఆవిడ పక్కలోనే పడుకునేది, ఆవిడ కలిపి పెడితేనే తినేది. శవాన్ని చూస్తే జడుసుకుంటుందని దాన్ని పక్కింటికి పంపేశాం. సాయంత్రం తిరిగొచ్చి "నాయనమ్మ ఏదమ్మా?" అంది. "ఊరెళ్ళింది తల్లీ, వస్తుంది" అన్నాను. మనందరం చెప్పే మాటే కదండీ!

పెద్దకర్మ అయిపోయింది, చుట్టాలు వెళ్ళిపోయారు. అది మళ్ళీ అడగలేదు. చిన్నపిల్ల, మర్చిపోయిందిలే అనుకున్నాం.

నెల తిరక్కుండా పక్క తడపడం మొదలుపెట్టింది. అది ఎప్పుడో మానేసిన అలవాటు. నేను స్నానానికి వెళ్తే తలుపు బాదుతూ ఏడ్చేది. స్కూలు ఆటో హారన్ వినబడితే చాలు, కడుపునొప్పి. దిష్టి తీశాం, తాయెత్తు కట్టించాం. ఒకరోజు పొద్దున్నే దుప్పట్లు తడుపుతూ ఉంటే నాకు ఒళ్ళు మండిపోయింది. చెంప మీద ఒక్కటిచ్చి, "ఇలాగే చేస్తుంటే నేనూ ఊరెళ్ళిపోతాను, అప్పుడు తెలుస్తుంది నీకు" అన్నాను. పిల్ల ఏడవలేదు. నా కొంగు గుప్పెట్లో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేనేమన్నానో నాకప్పుడు తెలీలేదు.

పిల్లల డాక్టరు మూత్ర పరీక్ష, రక్త పరీక్ష చేయించారు. అన్నీ బాగున్నాయి. ప్లే థెరపీ అనే మాట మొదటిసారి ఆయన నోటే విన్నాను.

ఎక్కడ పుట్టిందీ పద్ధతి?

పెద్దవాళ్ళకి మనసు బాగాలేకపోతే ఎవరితోనైనా చెప్పుకుంటారు. ఐదేళ్ళ పిల్ల ఏమని చెప్పుకుంటుంది? "నాకు భయంగా ఉంది, ఎందుకంటే..." అని చెప్పడానికి దానికి మాటలు చాలవు. అందుకే బొమ్మ చేత చెప్పిస్తుంది. ఈ సంగతి కనిపెట్టి పిల్లల ఆటని వైద్యంలోకి తెచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. 1920లలో మెలనీ క్లైన్, అన్నా ఫ్రాయిడ్ పిల్లల మనసు తెలుసుకోవడానికి ఆటని వాడారు. లండన్ లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే డాక్టరమ్మ ఇసుక తొట్టె, బుల్లి బుల్లి బొమ్మలు పెట్టి పిల్లలకి వదిలేసేవారు. పిల్లలు ఇసుకలో ఇళ్ళు, దారులు, జంతువులు పెట్టి తమ ప్రపంచాన్ని కట్టేవారు. దానికి 'ప్రపంచం' అనే పేరు పెట్టింది కూడా ఆ పిల్లలేనట!

అమెరికాలో వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో ఈ పద్ధతి మీద ఒక పుస్తకం రాశారు. పిల్లవాడు ఉన్నవాడిని ఉన్నట్టు ఒప్పుకోవాలి, తొందరపెట్టకూడదు, ఆటకి దారి వాడే చూపిస్తాడు, పెద్దవాళ్ళు వెనక నడవాలి... ఇలాంటి ఎనిమిది సూత్రాలు చెప్పారావిడ. 1964లో 'డిబ్స్' అనే ఐదేళ్ళ బాబు కథ రాశారు. స్కూల్లో ఎవరితోనూ కలవక బల్లల కింద దూరే ఆ పిల్లవాడిని మందబుద్ధి అనుకున్నారు కన్నవాళ్ళు. ఆటగదిలో వారం వారం మనసు విప్పుకున్నాక చూస్తే, మామూలు పిల్లలకంటే ఎంతో తెలివైనవాడని తేలింది.

మొదట మేం పడిన తప్పటడుగు

మాకు తెలిసినవాళ్ళు చెప్పారని మొదట ఒక చోట చేర్పించాం. ఇరవై సెషన్ల డబ్బు ముందే కట్టించుకున్నారు. గది నిండా రంగురంగుల బొమ్మలు చూసి మేమూ మురిసిపోయాం. తీరా చూస్తే అక్కడి అమ్మాయి మా దానికి రంగుల పేర్లు, అంకెలు నేర్పుతోంది. సరిగా చెబితే 'గుడ్ గర్ల్' అని చేతిమీద స్టారు. ఇంట్లో ఏం జరిగిందని మమ్మల్ని ఒక్క ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. ఐదు వారాల తర్వాత మీరేం చదివారమ్మా అని అడిగితే, మూడురోజుల శిక్షణ సర్టిఫికెట్ చూపించింది. మానిపించేశాం. మిగిలిన డబ్బు రాలేదు.

తర్వాత విశాఖపట్నంలో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ప్లే థెరపీలో విడిగా శిక్షణ పొందినావిడ. మొదటిసారి పాపని తీసుకురావద్దన్నారు. మావారినీ నన్నూ కూర్చోబెట్టి గంటసేపు అడిగారు. కాన్పు ఎలా జరిగింది, నడక, మాట ఎప్పుడొచ్చాయి, నిద్ర, తిండి, స్కూలు... చివర్లో "ఈ ఏడాది మీ ఇంట్లో ఏం మారింది?" అన్నారు. అత్తగారు పోయిన సంగతి చెప్పాను. "పాపకి ఏమని చెప్పారు?" చెప్పాను. ఆవిడ నన్ను తప్పుపట్టలేదు. కాగితం మీద రాసుకున్నారు, అంతే.

ఆ గదిలో ఏముంటుంది?

కుటుంబం బొమ్మలున్న చిన్న ఇల్లు, వంట సామాను, డాక్టరు సెట్టు, ఆట ఫోను, బస్సు, అంబులెన్సు... ఇవి ఇంటి సంగతులు చెప్పుకోవడానికి. పులి, మొసలి, కత్తి, కొట్టడానికి దిండు... ఇవి కోపం వెళ్ళగక్కడానికి. ఇసుక, బంకమట్టి, రంగులు, కాగితాలు... ఇవి తోచింది చేయడానికి. బ్యాటరీతో వాటంతటవే ఆడే బొమ్మలు పెద్దగా ఉండవు. బొమ్మే అన్నీ చేసేస్తే పిల్ల చేయడానికేముంటుంది? ప్రతిసారీ ఏ బొమ్మ చోటులో ఆ బొమ్మే ఉంటుంది. వారంలో అదే రోజు, అదే టైము, ముప్పావు గంట అటూ ఇటూగా. బయట ఏది తారుమారైనా ఇక్కడ ఏదీ మారదనే నమ్మకమే సగం వైద్యం.

థెరపిస్టు ఏం చేస్తుందంటారా? మనం చేసేవి చాలా చేయదు! "ఇది బస్సు" అని ముందుగా పేరు పెట్టదు. అది పిల్లకి బస్సు కావచ్చు, మంచం కావచ్చు. "ఎందుకలా చేశావు?" అని అడగదు. మెచ్చుకోలు కూడా పొదుపుగానే. మెచ్చుకుంటే పిల్ల ఆవిడ కోసం ఆడుతుంది కదా! పిల్ల చేసేదాన్ని, దాని మనసులో ఉన్నదాన్ని మాటల్లో పెడుతుంది. "ఆ పులికి బాగా కోపం వచ్చింది" "ఆ పాపాయిని ఎవరూ చూడట్లేదు" అంటుంది. తన మనసు ఎదుటివాళ్ళకి తెలుస్తోందని పిల్లకి అర్థమవుతుంది.

అలాగని ఇష్టారాజ్యం కాదండోయ్. మనుషుల్ని కొట్టకూడదు, కావాలని వస్తువులు పగలగొట్టకూడదు. హద్దు చెప్పే తీరే వేరు. "నీకు నా మీద కోపం వచ్చింది. నేను కొట్టించుకోవడానికి లేను. కావాలంటే ఆ దిండుని కొట్టు." చూశారా? కోపాన్ని కాదనలేదు, చేతిని మాత్రం ఆపింది. ఆ మూడు మాటలు నేను మా ఇంట్లో ఇప్పటికీ వాడుతున్నాను, మావారి మీద కూడా!

తలుపు బయట అమ్మ

ప్రతి శనివారం తునిలో రైలెక్కి, పెరుగన్నం డబ్బా పట్టుకుని వెళ్ళేవాళ్ళం. పిల్ల లోపల, నేను బయట బల్ల మీద. లోపల ఏం జరిగిందో దాన్ని అడగొద్దన్నారు. "ఏం ఆడావు? మేడమ్ ఏమంది?" అని నా నాలుక చివరిదాకా వచ్చేది. కన్నతల్లికి చెప్పని రహస్యమేమిటని ఉక్రోషం కూడా వచ్చింది. పెద్దవాళ్ళు డాక్టరుతో చెప్పుకున్నది గుట్టుగా ఉండాలనుకుంటాం. పిల్లలకి మాత్రం ఆ మర్యాద ఎందుకుండకూడదు? ఆ గుట్టుకీ ఒక హద్దుంది. పిల్లకి ఎవరివల్లైనా ప్రమాదముందని తెలిస్తే దాచకూడదు. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే పోలీసులకో, పిల్లల పోలీసు విభాగానికో చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది.

మధ్యమధ్య తల్లిదండ్రులతో విడిగా మాట్లాడతారు. ఆట వివరాలు చెప్పరు, దాని సారం చెబుతారు. ఆరోవారం తర్వాత ఆవిడ నాతో ఇలా అన్నారు: "పాప ఆటలో ఎప్పుడూ ఎవరో ఒకరు బయల్దేరి వెళ్తున్నారు. తిరిగి రావడం లేదు. తను ఏదో తప్పు చేయడం వల్లే వెళ్ళిపోతున్నారని అనుకుంటోంది. నిజం చెప్పే సమయం వచ్చిందమ్మా."

ఏమని చెప్పాలో కూడా నేర్పారు. నిద్రపోయింది అనకూడదు, పిల్ల నిద్రంటే భయపడుతుంది. దేవుడు తీసుకెళ్ళాడు అంటే, నన్నూ తీసుకెళ్తాడేమోనని భయం. ఉన్న మాట చిన్న మాటల్లో చెప్పాలి.

ఆ రాత్రి దాన్ని పక్కలో పడుకోబెట్టుకుని చెప్పాను. "నాయనమ్మ ఊరెళ్ళలేదమ్మా. చనిపోయింది. చనిపోతే ఒళ్ళు పనిచేయడం మానేస్తుంది. ఊపిరి ఉండదు, నొప్పి ఉండదు. మళ్ళీ రాదు. నువ్వు చేసిన దేనివల్లా కాదు. నీకు అబద్ధం చెప్పాను, నాది తప్పు."

చాలాసేపు పలకలేదు. తర్వాత మెల్లిగా అడిగింది: "మరి నువ్వెప్పుడు ఊరెళ్తావు?"

అప్పుడు అర్థమైంది నాకు, ఆరోజు చెంప మీద కొట్టి నేనన్న మాట దాని చెవిలో ఏమని మోగిందో. దానికి ఊరెళ్ళడమంటే తిరిగి రాకపోవడం. నేను స్నానానికి వెళ్తే తలుపు బాదడం, స్కూలుకెళ్ళనని మొండికేయడం, అన్నీ నన్ను ఊరెళ్ళనివ్వకుండా కాపలా కాయడమే!

పక్క తడపడం మర్నాడే ఆగిపోలేదు. మెల్లిగా తగ్గుతూ రెండు నెలలకి ఆగింది. ఇంక చాలనుకున్నాక కూడా ఒక్కసారిగా మాన్పించలేదు. ఇంకా నాలుగుసార్లు, ఇంకా మూడుసార్లు అని పిల్లకి ముందే చెబుతూ వచ్చారు. పద్నాలుగో శనివారం, ఆఖరిరోజు, అది బయటికొచ్చి "అన్ని బొమ్మలకీ టాటా చెప్పానమ్మా" అంది. నాయనమ్మకి మేము టాటా చెప్పనివ్వలేదు కదండీ. రైల్లో దారంతా నాకు కన్నీళ్ళాగలేదు.

మంచి థెరపిస్టుని ఎలా గుర్తుపట్టాలి?

క్లినికల్ సైకాలజిస్టులకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉంటుంది. ఆ చట్టం 1992లో వచ్చింది. ప్లే థెరపిస్టు అనే పేరుకి మాత్రం మన దేశంలో అలా విడిగా ప్రభుత్వ రిజిస్టరు లేదు. బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. కాబట్టి మొహమాటపడకుండా ఇవి అడగండి:

• మీ అసలు చదువేమిటి? రిజిస్ట్రేషన్ నంబరుందా? ప్లే థెరపీ ఎంతకాలం, ఎక్కడ నేర్చుకున్నారు?

• మీ పనిని చూసి సలహా చెప్పే సీనియర్లు ఎవరైనా ఉన్నారా? (అనుభవమున్నవాళ్ళకి కూడా ఇది మంచి అలవాటే.)

• మాతో ఎన్నాళ్ళకోసారి మాట్లాడతారు? బాగుపడుతున్నాడని ఎలా చూస్తారు?

ముందు మీ మాట వినకుండా పిల్లని లోపలికి తీసుకెళ్ళేవారు, ఇన్ని రోజుల్లో తగ్గిస్తామని హామీ ఇచ్చేవారు, మొత్తం డబ్బు ముందే అడిగేవారు... ఈ ముగ్గురి దగ్గరా జాగ్రత్త.

ఇంకో మాట. ఇది అన్నిటికీ మందు కాదు. మాట రాకపోతే ముందు వినికిడి పరీక్ష, తర్వాత స్పీచ్ థెరపీ. పక్క తడిపితే ముందు మూత్ర పరీక్ష. ఫిట్స్ వస్తే డాక్టరు. ఆటిజం ఉన్న పిల్లలకి వాళ్ళకి కావలసిన శిక్షణ వేరే ఉంటుంది. ఆట దానికి తోడే గానీ బదులు కాదు. ఎదుగుదల మీద అనుమానముంటే, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఏర్పాటైన ఎర్లీ ఇంటర్వెన్షన్ కేంద్రాల గురించి జిల్లా ఆసుపత్రిలో అడగండి.

ఇంట్లో మనం చేయగలిగింది

ఊళ్ళో థెరపిస్టు లేరని దిగులుపడకండి. అమెరికాలో బెర్నార్డ్ గెర్నీ, లూయిస్ గెర్నీ దంపతులు 1960లలో తల్లిదండ్రులకే ఈ పద్ధతి నేర్పడం మొదలుపెట్టారు. 2005లో 93 పరిశోధనల్ని కలిపి చూసినవాళ్ళు కూడా ప్లే థెరపీ మేలు చేస్తోందనీ, తల్లిదండ్రులు పాలుపంచుకుంటే ఆ మేలు ఇంకా ఎక్కువనీ తేల్చారు. పెద్ద సమస్యకి నిపుణులు కావాల్సిందే. మామూలు అలకలకి, బెంగలకి మాత్రం ఈ అరగంట ఎంతో పనిచేస్తుంది.

ఒక సంచి కుట్టండి. అందులో ఏటికొప్పాక లక్కపిడతలు, అమ్మ, నాన్న, తాత, పాపాయి అనుకోవడానికి నాలుగు బట్టబొమ్మలు, పులి, ఆవు, ఒక బస్సు, రంగు పెన్సిళ్ళు, చపాతీ పిండి ముద్ద వేయండి. ఈ సంచి మిగతా రోజుల్లో తీయకూడదు. వారానికి ఒకరోజు అరగంట. టీవీ కట్టేయండి, ఫోను అవతలి గదిలో పెట్టండి, స్టవ్ మీద ఏదీ ఉంచకండి. ఒకసారికి ఒక్క పిల్లే. చాప మీద కూర్చుని "ఈ అరగంట నీదే" అనండి. ఆపైన నోరు కట్టేసుకోండి! నేర్పొద్దు, దిద్దొద్దు, అడగొద్దు. చూడండి, చూసింది చెప్పండి. ఇంకో ఐదు నిమిషాలుందని ముందే చెప్పి, టైముకి ఆపండి. అల్లరి చేసిందని శిక్షగా ఆ అరగంట ఎప్పుడూ రద్దు చేయకండి.

మొదటిరోజు మీకు చాలా కష్టంగా ఉంటుంది. ముప్పై నిమిషాల్లో ముప్పైసార్లు "అలా కాదు" అనబోతారు. నేనూ అనబోయాను.

గుర్తుంచుకోండి

• అల్లరి, పక్క తడపడం, కడుపునొప్పి ఒక్కసారిగా మొదలైతే ముందు డాక్టరు, తర్వాత "ఇంట్లో ఏం మారింది?" అనే ప్రశ్న.

• చావు, విడాకులు, అప్పులు... పిల్లలకి తెలియదనుకోకండి. వయసుకి తగ్గట్టు నిజం చెప్పండి.

• "వదిలేసి వెళ్ళిపోతా" అని కోపంలో కూడా అనకండి.

• పిల్ల ప్రమాదంలో ఉంటే 1098కి ఫోన్ చేయండి. మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి 2022లో మొదలైన టెలి మానస్, 14416, ఉంది. ఉచితమే, తెలుగులోనూ మాట్లాడతారు.

శ్రీకాకుళం సోదరికి ఒక్క మాట. మీవారికి చెప్పండి, ఆ ఫీజు ఆటకి కాదు, మీ బాబు చెప్పలేని మాట వినగలిగిన మనిషికి. మీరు కూడా ఒకసారి ఆలోచించండి. నాలుగు నెలల కిందట మీ ఇంట్లో ఏం మారింది? మీ అత్తగారిని నొప్పించకండి. ఆవిడ్నీ చాప మీద కూర్చోబెట్టి లక్కపిడతలు చేతికివ్వండి. మనవడితో ఆడటం ఆవిడకొచ్చినంత బాగా మనకి రాదు.

మా చిన్నది ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. హాస్టల్ కి వెళ్ళేటప్పుడు బస్సు కిటికీలోంచి "ఊరెళ్ళొస్తానమ్మా" అంటుంది. ఆ 'వస్తాను' వినబడేదాకా నేను అక్కణ్ణుంచి కదలను.

మీ ఇంట్లో పిల్లల కబుర్లు, బెంగలు నాకు రాయండి. వచ్చేవారం మళ్ళీ కలుద్దాం.